పొగగొట్టానికి ముందు పన్నెండు రోజులు

మొదటి రోజు, 15 డిగ్రీల ఉత్తరం

గాలిలో ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టడానికి డీజిల్ ఓడలో బయల్దేరాం. ఇందులోని తమాషా నాకు తట్టేసరికి మధ్యాహ్నమైంది. ఓడ ముందు కొసన స్తంభం నిలబెట్టి, దాని చివర గాలి పీల్చే గొట్టం బిగించి, చేతులు దులుపుకుంటూ వెనక్కి తిరిగితే ఎదురుగా పొగగొట్టం. నల్లగా, తీరిగ్గా ఊదుతోంది.

"ముందు మన పొగని మనం వదిలించుకోవాలి. మేఘాల సంగతి తర్వాత," అన్నారు మేడమ్. మా ఏడుగురికీ ఆవిడే పెద్ద. అందరిలోకీ చిన్నవాణ్ణి నేను. నా వంతుకి ఒకే ఒక్క యంత్రం వచ్చింది. గాలిలో మేఘబీజాలు, అంటే ఆవిరి పట్టి మేఘపు బొట్లు కాగల కణాలు, ఎన్నున్నాయో చెప్పే కౌంటర్ అది.

దారి మాత్రం సులువు. అరేబియా సముద్రంలోంచి, 67 డిగ్రీల తూర్పు రేఖాంశం పట్టుకుని తిన్నగా దక్షిణానికి. భూమధ్యరేఖ దాటి 14 డిగ్రీల దక్షిణం దాకా వెళ్ళి వెనక్కి తిరగాలి. ఈ దారినే ఎంచుకోవడానికి కారణం ఉంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇక్కడ ఈశాన్య గాలి వీస్తుంది. నేల మీది పొగ, మసి, ధూళి అన్నిటినీ అది సముద్రం మీదికి తోలుకొస్తుంది. దక్షిణాన, భూమధ్యరేఖకి కాస్త అవతల, రెండు అర్ధగోళాల గాలులు కలిసే చోట వానల పట్టీ ఒకటుంది. అది దాటితే ఆగ్నేయ గాలి. వేల కిలోమీటర్లు నేలని తాకకుండా వచ్చే గాలి అది. ఒకే ఓడలో, రెండు వారాల్లోపు, మురికి గాలినీ శుభ్రమైన గాలినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 1999 జనవరి నుంచి మార్చి దాకా వీరభద్రన్ రామనాథన్, పాల్ క్రుట్జెన్ ముందుండి నడిపిన ఇండోఎక్స్ (ఇండియన్ ఓషన్ ఎక్స్‌పెరిమెంట్) ప్రయోగం ఈ సముద్రం మీదే జరిగింది. మన పరిశోధన ఓడ సాగర్ కన్య అందులో తిరిగింది. మేం కొత్త దారేమీ వెయ్యడం లేదు. పాత దారిలోనే కొత్త యంత్రాలతో వెళ్తున్నాం.

చిక్కంతా గాలి దిక్కుతోనే. మేం వెళ్ళేది దక్షిణానికి, గాలి వచ్చేది ఈశాన్యం నుంచి. ఓడ వేగంగా పోతున్నంతసేపూ పొగ పక్కకి కొట్టుకుపోతుంది. వేగం తగ్గిస్తే ముందుకే వస్తుంది. మా స్తంభానికి తాళ్ళు కట్టి పెట్టిన సరంగు ఈ ముక్క ఒక్క మాటలో తేల్చేశాడు.

"గాలి అమరం నుంచి కొడితే పొగంతా అణియానికే తమ్ముడూ. ఇందులో చదువుకునేదేముంది?"

ఓడ వెనక కొస అమరం, ముందు కొస అణియం. నేను ఆ మాటలు వినడం అదే మొదటిసారి. చివరికి కుదిరిన ఒప్పందం ఇది. గాలి ముందువైపు నుంచి వచ్చినప్పటి లెక్కలే లెక్క. మిగతా సమయంలో వచ్చిన ప్రతి అంకెకీ కంప్యూటర్ ఎర్ర గుర్తు పెడుతుంది. దానికి తోడు రోజూ నాలుగు గంటలు ఓడని వెనక్కి తిప్పి, గాలికి ఎదురుగా నిలబెడతారు. కెప్టెన్ సరేనన్నారు గానీ, మొహం మాత్రం సరేననలేదు.

రెండో రోజు, 12 డిగ్రీల ఉత్తరం దాటాక

వాంతులు. దాని గురించి ఇంతకన్నా రాయను.

యంత్రాల గది ఓడ ముందు భాగంలో ఉంది కాబట్టి ఊపు అక్కడే ఎక్కువ. పైగా బ్యూటనాల్ అనే ఒక రకం ఆల్కహాల్ వాసన. మొత్తం కణాలని లెక్కపెట్టే యంత్రానికి అదే తిండి. లోపల బ్యూటనాల్ ఆవిరి ప్రతి కణానికీ చుట్టుకుంటుంది, కంటికి ఆనని కణం బొట్టుగా ఉబ్బుతుంది, లేజర్ ముందు నుంచి పోతూ ఒక్కసారి తళుక్కుమంటుంది. ఎన్ని తళుకులో అన్ని కణాలు. ఏ కణం, ఎలాంటిది అని అడగదు.

నా కౌంటర్ అలా కాదు, ఏరుకుంటుంది. తేమ నూరు శాతం దాటగానే ఆవిరి దానంతటదే నీటిబొట్టయిపోతుందని బళ్ళో చదువుకున్నట్టు నాకు గుర్తు. అవదు. మరీ చిన్న బొట్టు గుండ్రదనం వల్ల నిలవలేదు, పుట్టీ పుట్టగానే ఆవిరైపోతుంది. కణమే లేని శుద్ధమైన గాలిలో బొట్టు పుట్టాలంటే తేమ కొన్ని వందల శాతానికి చేరాలి. ఆకాశంలో అది జరిగే పని కాదు. నిజం మేఘంలో తేమ నూరు దాటేది మహా అయితే ఒక్క శాతం, చాలాసార్లు అంత కూడా ఉండదు. ఆ కాస్తలోనే బొట్టు పుట్టాలంటే ఆవిరికి కూర్చోవడానికి పీట కావాలి. నీటిని పట్టి ఉంచే ఉప్పో, సల్ఫేటో అయితే మరీ మంచిది. గుండ్రదనం నీటిని వదిలెయ్యమంటుంది, ఉప్పు పట్టుకోమంటుంది. ఈ లాగులాటకి 1936లో హిల్డింగ్ కోలర్ అనే స్వీడన్ శాస్త్రవేత్త సమీకరణం రాశాడు. నా యంత్రం మొత్తం ఆ సమీకరణం మీదే నిలబడింది.

యంత్రం లోపల అర మీటరు పొడవున నిలువు గొట్టం. లోపలి గోడలు ఎప్పుడూ తడిగా ఉంటాయి. పైన చల్లన, కిందికి పోయేకొద్దీ వెచ్చన. గోడ నుంచి నీటి ఆవిరీ వేడీ రెండూ మధ్యకి బయల్దేరతాయి, కానీ ఆవిరిది కొంచెం చురుకు నడక. వేడి కన్నా ముందు చేరుతుంది. దాంతో గొట్టం మధ్యలో తేమ నూరు శాతం కన్నా రవ్వంత ఎక్కువవుతుంది. ఆ రవ్వంతలో బొట్టు కాగలిగిన కణాలే బీజాలు, కింద లేజర్ వాటిని లెక్కపెడుతుంది. ఈ ఏర్పాటు మొదటిసారి అర్థమైన రోజున నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

దీనికి తాత లాంటి యంత్రం 1880ల్లోనే స్కాట్లండ్‌లో పుట్టింది. జాన్ ఐట్‌కెన్ డబ్బాలోకి గాలి తీసుకుని, హఠాత్తుగా వ్యాకోచింపజేసి, గళ్ళు గీసిన పలక మీద రాలిన బొట్లని భూతద్దంతో ఒక్కొక్కటే లెక్కపెట్టేవాడు. నాకు లేజరుంది, అయినా విసుగొస్తోంది.

సాయంత్రానికి మొత్తం కణాలు ఘన సెంటీమీటరుకి 1,500 దరిదాపుల్లో. అందులో బీజాలు మూడింట రెండొంతులు. పంచదార క్యూబంత చోటులో అన్ని వందల కణాలు కూర్చుని ఉన్నాయంటే కంటితో చూసి నమ్మలేం.

మూడో రోజు, తొమ్మిదిన్నర డిగ్రీల ఉత్తరం

నమ్మాను. సూర్యాస్తమయం చూశాక.

సముద్రంలో సూర్యుడు మునగడం చూడాలని అందరం డెక్ మీదికి చేరాం. మునగలేదు. నీళ్ళకి ఇంకా బెత్తెడు ఎత్తు ఉండగానే ఎర్రగా మాసిపోయి, అక్కడికక్కడే కరిగిపోయాడు. అంచున ఆకాశం నీలం కాదు, ముతక పంచె రంగు. పొద్దున్నుంచీ అంతే. నేల ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల ఉంది. దాని పొగ మాత్రం మాతో పాటే ప్రయాణం చేస్తోంది.

మసిని కొలిచే యంత్రం దగ్గర తెల్లటి పట్టీ ఉంటుంది. గాలి దాని గుండా పోతుంటే మసి పట్టీ మీద మిగిలిపోతుంది. ఎంత నల్లబడితే అంత మసి. ఈ రోజు మచ్చలు నల్లగా, గుండ్రంగా, వరసగా ఉన్నాయి. ఎవరికైనా ఈ పట్టీ చూపిస్తే చాలు, గ్రాఫులక్కర్లేదు.

మధ్యాహ్నం దూదిపింజల్లాంటి చిన్న మేఘాలు బారులు తీరాయి. పోర్చుగల్ పటంలా ఒకటి, తాబేలులా ఒకటి. మేడమ్ వాటిని చూస్తూ, "ఇవి మామూలువేనా, పొగ తిన్నవా?" అని అడిగారు. నేను తడుముకున్నాను. చూసి చెప్పలేమని ఆవిడ ఉద్దేశం.

లెక్క మాత్రం చెప్తుంది. షాన్ ట్వోమీ అనే ఐరిష్ శాస్త్రవేత్త 1974లో పట్టుకున్న లెక్క అది. మేఘంలో నీరు అంతే ఉందనుకుందాం. బీజాలు పెరిగితే ఆ నీటినే ఎక్కువ బొట్లు పంచుకుంటాయి. ఒక బొట్టు ఎనిమిదిగా చీలితే ఒక్కోదాని వ్యాసార్థం సగమవుతుంది, మొత్తం ఉపరితలం రెండింతలవుతుంది. ఉపరితలం పెరిగితే వెనక్కి తిరిగే ఎండ పెరుగుతుంది. నీరు ఒక్క చుక్క కూడా పెరగకుండానే మేఘం తెల్లబడుతుందన్నమాట. రాళ్ళ ఉప్పు దంచితే తెల్లబడినట్టు. నల్లటి పొగ తెల్లటి మేఘాన్ని ఇంకా తెల్లగా చెయ్యడం నాకు ఇప్పటికీ వింతే. ఇండోఎక్స్ విమానాలు ఇదే సముద్రం మీద మేఘాల్లోకి దూరి చూస్తే, మురికి గాలిలోని మేఘాల్లో బొట్ల సంఖ్య శుభ్రమైన గాలిలో కన్నా మూడు రెట్ల దాకా ఉంది.

నాలుగో రోజు, 7 డిగ్రీల ఉత్తరం

గ్రాఫులో కొమ్ములు మొలిచాయి. వెయ్యి దగ్గర బుద్ధిగా నడుస్తున్న గీత ఉన్నట్టుండి ఇరవై వేలకి లేస్తోంది, రెండు నిమిషాల్లో దిగిపోతోంది. గాలి ముందు నుంచే వస్తోంది కాబట్టి మా పొగ కాదు. దగ్గర్లో వేరే ఓడా లేదు. యంత్రమే చెడిందని నాకు టెన్షన్ పట్టుకుంది. మేడమ్‌కి చెప్పకుండానే గొట్టాలు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాను. కొమ్ములు మళ్ళీ వచ్చాయి.

కాగితం మీద వాటి సమయాలు రాసుకుంటే అప్పుడు కనబడింది. రాత్రి పన్నెండు దాటాక ఒకటి, తెల్లవారుజామున నాలుగు దాటాక ఒకటి, ఎనిమిది దాటాక ఒకటి. ఓడలో డ్యూటీలు నాలుగు గంటలకోసారి మారతాయి. డ్యూటీ దిగినాయన ఎవరో అణియం దగ్గర నిలబడి సిగరెట్ వెలిగిస్తున్నాడు, మా గొట్టం కింద!

సరంగుకి చెప్తే ముందు పకపకా నవ్వాడు. తర్వాత గట్టిగా కేకలేశాడు. ఎవర్ని కేకలేశాడో నేను అడగలేదు. కొమ్ములు మాత్రం ఆగిపోయాయి. అంత సముద్రం మీద, అంత ఆకాశం కింద, ఒక్క సిగరెట్ మా లెక్కల్ని ఇరవై రెట్లు చేసిందన్న సంగతి నాతో ఉండిపోయింది.

ఐదో రోజు

నా తప్పు ఈ రోజు బయటపడింది. నిన్న తొందరలో బిగించిన నట్టు ఒకటి సరిగ్గా కూర్చోలేదు. రోజూ పొద్దున్న చేసే పరీక్ష ఒకటుంది. గొట్టం మూతికి దట్టమైన ఫిల్టర్ తగిలిస్తే లోపలికి కణాలేవీ పోవు, అంకె సున్నాకి రావాలి. నాది 90 దగ్గర ఆగింది. గొట్టంలోకి గది గాలి దూరుతోందని అర్థం. రాత్రంతా సముద్రపు గాలి అనుకుని మేం కొలిచింది గది గాలి కలిసినది. పన్నెండు గంటల లెక్కలు పోయాయి. మేడమ్ తిట్టలేదు. "రాసి పెట్టు. ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఎందుకు పోయిందో," అన్నారంతే. తిట్టినా బాగుండేది.

మిగతా రోజంతా తేమ పీల్చే సిలికా గుళికలతో సరిపోయింది. అవి పొడిగా ఉన్నప్పుడు నీలం, తేమ పట్టాక గులాబీ. ఓవెన్‌లో వేడిచేస్తే మళ్ళీ నీలం. నీలం, గులాబీ, నీలం.

రాత్రి గదిలో ఊరికే మాటలు. ఈ అవస్థంతా ఎందుకని ఓడ డాక్టరు గారు అడిగారు. మేడమ్ రెండు అంకెలు చెప్పారు. 2021లో వచ్చిన ఐపీసీసీ (వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి సంఘం) ఆరో నివేదిక ప్రకారం, 1750 నుంచి 2019 దాకా పెరిగిన కార్బన్ డయాక్సైడ్ చదరపు మీటరుకి 2.16 వాట్ల వేడిని అదనంగా పట్టి ఉంచుతోంది. మనుషులు వదిలిన కణాలు మేఘాలని మార్చడం వల్ల 0.84 వాట్లు తగ్గుతోంది. మొదటి అంకె మీద పెద్దగా గొడవ లేదు. రెండోది మాత్రం 0.25 కావచ్చు, 1.45 కూడా కావచ్చు. "ఆ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే మా ఉద్యోగాలు," అన్నారు ఆవిడ. డాక్టరు గారు నవ్వారు. నాకు నా నట్టు గుర్తొచ్చింది.

ఆరో రోజు, ఒక డిగ్రీ ఉత్తరం

సరుకుల ఓడ ఒకటి అడ్డంగా దాటింది. మాకు ఎడమ పక్కన, గాలి వచ్చే వైపు. ఇరవై నిమిషాల తర్వాత దాని పొగ మా దాకా వచ్చింది. గ్రాఫు ఎగిసింది. నేను దాన్ని చెత్త కింద కొట్టేయబోతుంటే మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపారు.

"అది చెత్త కాదు. అసలు మన విద్య మొదలైందే దాంతో."

1960ల్లో ఉపగ్రహాలు పంపిన మొదటి ఫొటోల్లో సముద్రం మీది పల్చటి మేఘాల్లో సన్నటి తెల్ల గీతలు కనిపించాయి. వందల కిలోమీటర్ల పొడవు. 1966లో జాన్ కానోవర్ వాటి గురించి రాస్తూ అవి ఓడల పొగ వల్ల ఏర్పడినవై ఉండొచ్చన్నాడు. ఆ తర్వాత అదే రుజువైంది. ఓడ పొగలోని సల్ఫర్ సల్ఫేట్ కణాలవుతుంది, అవి బీజాలవుతాయి, బొట్లు చిన్నవై, ఎక్కువై, ఓడ నడిచిన దారంతా మేఘం తెల్లబడుతుంది. ఆకాశం నిండా ఒకటే మేఘం, మధ్యలో ఒక్క గీతకే ఎక్కువ కణాలు. ప్రయోగశాలలో కూడా ఇంత చక్కగా కుదరదు. పొగ పడ్డ మేఘం, పడని మేఘం పక్కపక్కనే ఉంటాయి.

దీనికి ఇంకో ముక్క ఉంది. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో సల్ఫర్ 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గాలని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ నిబంధన పెట్టింది. మనుషుల ఊపిరితిత్తులకి అది మంచిదే. ఆ తర్వాత ఉపగ్రహ చిత్రాల్లో ఓడ గీతలు బాగా తగ్గిపోయాయి. పొగ తగ్గితే మేఘం మసకబారి, ఎండ ఇంకాస్త సముద్రంలోకి దిగుతుంది. ఎంత దిగుతోందన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వాదన మంచిదే, సల్ఫర్ మళ్ళీ పెంచమని మాత్రం ఎవరూ అనకపోతే చాలు.

ఏడో రోజు, ఒకటిన్నర డిగ్రీల దక్షిణం

భూమధ్యరేఖ రాత్రి నిద్రలో దాటిపోయింది. పొద్దున్న బెలూన్ వదిలాం. హీలియం నింపిన తెల్లటి బెలూన్, దాని కింద వేలాడే చిన్న డబ్బా. సెకనుకి ఐదు మీటర్ల చొప్పున ఎక్కుతూ వేడినీ తేమనీ చెప్తూ పోతుంది.

నీటి దగ్గర గాలి శుభ్రంగానే ఉంది, అంకెలు నిన్నటికన్నా తగ్గాయి. కానీ లేజర్‌తో పైకి చూస్తే రెండు, మూడు కిలోమీటర్ల మధ్య పొగ పొర ఇంకా ఉంది. నల్లటి మసి ఎండని తాగి, ఉన్నచోటే గాలిని వేడెక్కిస్తుంది. వెచ్చబడ్డ పొర తేమని మింగేస్తుంది, చుట్టుపక్కల మేఘం ఆరిపోతుంది. ఇండోఎక్స్ లెక్కలతోనే 2000లో ఈ సంగతి బయటికొచ్చింది. అంటే కణాలు మేఘాన్ని తెల్లబరుస్తాయి, అవే కణాలు మేఘాన్ని లేకుండానూ చేస్తాయి. ఏది గెలుస్తుందన్నది మసి మేఘంలో ఉందా, మేఘం మీదుందా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. మొన్న డాక్టరు గారికి చెప్పిన ఆ ఖాళీ ఎందుకు పూడటం లేదో నాకు కొంచెం అర్థమైంది.

ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు

ఈ రెండూ ఒకే రోజులా గడిచాయి. వానల పట్టీ.

దక్షిణాన గోడలా మేఘాలు లేచాయి, మధ్యాహ్నానికి మేం గోడ లోపలున్నాం. గాలికి దిక్కే లేదు. ఒకసారి తూర్పు, ఒకసారి పడమర, ఒకసారి అసలు లేదు. పొగ ఓడ చుట్టూ ప్రదక్షిణలు చేసింది. కంప్యూటర్ తెర నిండా ఎర్ర గుర్తులు. రాత్రి మెరుపుల్లో సముద్రం పగల్లా కనబడింది. తెల్లవారుజామున ఏటవాలు వాన గాలి గొట్టంలోకే కొట్టింది. నీరు నా యంత్రం దాకా రాకముందే పంపు ఆపగలిగాను. ఈసారి నట్లు రెండుసార్లు చూసుకున్నాను.

మేఘపు బొట్టు వ్యాసార్థం పది మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుంటే, ఒక మిల్లీమీటరు వ్యాసార్థమున్న వానచుక్క కావడానికి పది లక్షల బొట్లు కలవాలి. బొట్టు సెకనుకి సెంటీమీటరు చొప్పున కిందికి జారుతుంది. చుక్క ఆరు మీటర్ల పైనే. మా నెత్తిన పడ్డ ప్రతి చుక్కలోనూ లక్షల కొద్దీ బీజాలు కరిగి ఉన్నాయన్నమాట. వాన అంటే మేఘం ఖాళీ అవడమే కాదు, గాలిని కడగడం కూడా. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆరువందలున్న మొత్తం అంకె తొమ్మిదో రోజు సాయంత్రం వాన ఆగాక గాలి ముందుకి మళ్ళిన పది నిమిషాల్లో రెండొందల దగ్గర కనిపించింది.

పదో రోజు, 9 డిగ్రీల దక్షిణం

నిద్ర లేచేసరికి వేరే గ్రహం మీద ఉన్నట్టుంది. ఆకాశం నీలం. అంచు దాకా నీలం. నీళ్ళ గీత కత్తితో గీసినట్టుంది. ఆగ్నేయ గాలి ముందు నుంచి, నిలకడగా వస్తోంది. పొగ వెనక్కి పోతోంది. ఎర్ర గుర్తు ఒక్కటీ లేదు. ఇక ఓడని తిప్పక్కర్లేదని చెప్తే కెప్టెన్ తొలిసారి నవ్వారు.

మసి పట్టీ రోజంతా దాదాపు తెల్లగానే ఉండిపోయింది. బీజాలు వంద లోపు.

మేఘాలు కూడా ఉన్నాయి. ఉత్తరాన చూసిన పింజల్లాంటివే, అంత ఎత్తువే. కానీ ఇవి కురుస్తున్నాయి. రెండు కిలోమీటర్ల మందం కూడా లేని మేఘం కింద బూడిదరంగు జల్లు వేలాడుతోంది. పైకి చూసే రాడార్‌లో చినుకులు స్పష్టంగా కనబడ్డాయి. నాలుగో రోజు ఇంత మందం మేఘాల కింద ఒక్క చినుకు చూసిన గుర్తు లేదు. బీజాలు తక్కువైతే బొట్లు పెద్దవి. పెద్ద బొట్లు ఒకదాన్నొకటి ఢీకొని కలిసిపోగలవు. మేఘం పై భాగంలో బొట్ల వ్యాసార్థం 14 మైక్రాన్ల దగ్గరికి వస్తే చినుకు మొదలవుతుందని ఒక అందాజా. బొట్లు చిన్నవైతే ఒకదాని పక్క నుంచి ఒకటి తప్పుకుపోతాయి, వాన వెనకపడుతుంది, మేఘం ఎక్కువసేపు నిలుస్తుంది. 1989లో బ్రూస్ ఆల్బ్రెక్ట్ చెప్పింది ఇదే.

నేను ఎగిరి గంతేశాను. "చూశారా మేడమ్! అక్కడ కణాలెక్కువ, వాన లేదు. ఇక్కడ తక్కువ, వాన ఉంది."

"అక్కడ పైగాలి పొడి. ఇక్కడ తడి. అక్కడ నీళ్ళ వేడి ఎంత, ఇక్కడ ఎంత? గాలి ఇక్కడ పైకి లేస్తోందా, అక్కడ దిగుతోందా? అవన్నీ తీసేశాక మిగిలింది కదా కణాల వాటా. తీసేశావా?"

తియ్యలేదు. గంతు దిగిపోయింది.

తర్వాత ఆవిడే ఐస్‌లాండ్ సంగతి చెప్పారు. 2014 ఆగస్టు నుంచి 2015 ఫిబ్రవరి దాకా హోలుహ్రాన్ దగ్గర లావా పొంగి సల్ఫర్ వాయువు లెక్కలేనంత వెలువడింది. అట్లాంటిక్ మేఘాల మీద అంత పెద్ద ప్రయోగం మనుషులెవరూ చెయ్యలేరు. ఉపగ్రహాలు చూస్తే బొట్లు చిన్నవయ్యాయి, ట్వోమీ చెప్పినట్టే. కానీ ఆల్బ్రెక్ట్ చెప్పినట్టు వాన వెనకపడి మేఘంలోని నీరు పెరుగుతుందనుకుంటే, పెద్దగా పెరగలేదు. చిన్న బొట్లు అంచుల్లో త్వరగా ఆరిపోవడం లాంటివి ఎదురు లాగి సమానం చేసి ఉండొచ్చు. మొదటి లెక్క నిలబడింది, రెండోది తడబడింది. 2017లో ఆ ఫలితం అచ్చయ్యాక చాలా వాతావరణ నమూనాలని మళ్ళీ సరిచూసుకోవాల్సి వచ్చిందట.

సాయంత్రం సూర్యుడు నీళ్ళని తాకాడు. తాకి, చదునై, మునిగాడు. అందరం చూశాం.

పదకొండో రోజు, పదకొండున్నర డిగ్రీల దక్షిణం

తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి చూస్తే బీజాల లెక్క 40. యంత్రం ఆగిపోయిందనుకున్నాను. ఫిల్టర్ పెట్టాను, సున్నా. తీశాను, 40. మళ్ళీ పెట్టాను, సున్నా. యంత్రం బాగానే ఉంది, గాలే ఖాళీగా ఉంది. వారం రోజులుగా మురికి గాలికి అలవాటుపడి, శుభ్రమైన గాలి చూస్తే రిపేర్ అనిపించింది.

మరి ఇక్కడ ఆ నలభై ఎక్కడివి? కొన్ని ఉప్పువి. అల విరిగి, బుడగ పగిలినప్పుడు చింది ఎగిరేవి. మిగతావాటిలో చాలావరకు సముద్రంలోని సన్నటి మొక్కల పుణ్యం. వాటి వల్ల డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు పుడుతుంది. సముద్రపు వాసన అని మనం అనేదాంట్లో దానికీ వాటా ఉంది. అది గాలిలో సల్ఫేటుగా మారి బీజమవుతుంది. సముద్రం వేడెక్కితే మొక్కలు ఎక్కువ వాయువు వదిలి, మేఘాలని తెల్లబరిచి, సముద్రాన్ని తిరిగి చల్లబరుస్తాయా? 1987లో చార్ల్సన్, లవ్‌లాక్, ఆండ్రేయీ, వారెన్ అనే నలుగురు ఈ ఊహ చేశారు. చాలా అందమైన ఊహ. తర్వాతి కొలతలు దాన్ని అంతగా బలపరచలేదు. అంత సులువైన తీగ ఏదీ దొరకలేదు. నాకు మాత్రం ఆ ఊహ పోయినందుకు కాస్త బాధగానే ఉంది.

పన్నెండో రోజు, 14 డిగ్రీల దక్షిణం

వెనక్కి తిరిగే రోజు. ఓడ ఉత్తరానికి మళ్ళితే ఆగ్నేయ గాలి వెనక నుంచి కొడుతుంది. ఇక మా పొగ మాకే. ఎలాగూ కొలతలు ఆగిపోతాయి కదా అని మేడమ్ చివరి గంటకి ఒక పని పెట్టారు. ఓడ అమరాన్ని గాలి వైపుకి తిప్పి, మెల్లగా నడిపి, పొగని కావాలని అణియం మీదికి రానివ్వమన్నారు. పదకొండు రోజులు దేన్ని తప్పించుకు తిరిగామో దాన్నే పిలిచి కొలవడం.

సరంగు నా పక్కనే నిలబడ్డాడు. ముందు వాసన వచ్చింది. తర్వాత గీత లేచింది. వంద, వెయ్యి, పదివేలు, యాభైవేలు దాటి తెర పై అంచుకి అంటుకుపోయింది. నా కౌంటర్ మాత్రం అంత లేవలేదు. తాజా పొగలో కణాలు మరీ చిన్నవి, చాలావాటికి ఇంకా నీటిని పట్టే శక్తి రాలేదు. గాలిలో కొన్ని గంటలు, రోజులు తిరిగి, సల్ఫేట్ పూత పడి, పెద్దవైతేగానీ బీజాలు కావు. ఆ తేడానే రాసుకున్నాం. మొత్తం ఎన్ని, అందులో బీజాలు ఎన్ని.

సరంగు తల పైకెత్తి మేఘాల వైపు చూశాడు. "మన పొగకి ఏమైనా మారాయా తమ్ముడూ?"

నేనూ చూశాను. పింజలు అలాగే ఉన్నాయి, వాటి మధ్య నీలం ఖాళీలు అలాగే ఉన్నాయి. గీత పడాలంటే పరుపులా పరిచిన మేఘం కావాలి, ఇక్కడ లేదు. మధ్యాహ్నం ఉపగ్రహ చిత్రం వచ్చాక అతన్ని గదిలోకి పిలిచి చూపించాను. మేం ఉన్న చోట చిన్న చిన్న తెల్ల చుక్కలు. ఏది మా వల్ల తెల్లబడిందో, ఏది తనంతట తనే తెల్లగా ఉందో వాటిని చూసి చెప్పలేం.

"ఇన్ని రోజులు తిరిగి ఇంతేనా?" అన్నాడు.

ఓడ ఉత్తరానికి తిరిగింది. గాలి అమరం నుంచి అందుకుంది. తెర మీద ఎర్ర గుర్తులు మొదలయ్యాయి. నేను స్తంభం ఎక్కి గొట్టానికి మూత పెట్టి దిగాను.